కొసరు తాత కంచె

రాయి దొరికింది. మేస్త్రి ఇంటి వెనక, బట్టలు ఉతికే చోట, సబ్బు నురగ కింద దొరికింది. ఏళ్ల తరబడి చీరలూ దుప్పట్లూ బాదగా బాదగా పైభాగం అద్దంలా నున్నబడింది కానీ పక్కన ఉలితో చెక్కిన గుర్తు మాత్రం చెరగలేదు. కొలతలాయన చెంబుతో నీళ్లు పోసి, బొటనవేలితో రుద్ది, "ఇదేనండీ మూలరాయి, అనుమానమే లేదు" అని వీధి వీధంతా వినబడేట్టు అన్నాడు. ఆ మాట మేస్త్రి పెరడు దాటి, తాత పెరడు దాటి, కిటికీలోంచి వచ్చి టైలరమ్మ సూది కింద ఉన్న చొక్కా మీద పడింది. ఆమె పాదం మెషిన్ మీదే ఆగిపోయింది. వెంటనే "దొంగ!" అని ఒక కేక. టీచరమ్మది. చనిపోయిన తాతకు మేనకోడలు, ఈ ఇంటికి మిగిలిన ఒకే ఒక్క వారసురాలు, బడిలో పిల్లల మీద కూడా గొంతు పెంచదని పేరున్న మనిషి. ఆ మనిషి నోట ఆ మాట వచ్చిందంటే, అదీ మేస్త్రి మొహం మీద, వాడి పెళ్లాం ముందు, ఇల్లు కొనడానికి వచ్చిన బేకరీ ఆయన ముందు వచ్చిందంటే, ఇక అయిపోయింది, ఇది మాటలతో చల్లారే మంట కాదు.

చల్లారదు, ఎలా చల్లారుతుంది, పొద్దున్నుంచీ నిప్పు మీద నూనె పోస్తూనే ఉన్నారు కదా. కాగితాల్లో ఉన్న స్థలం ఒకటి, నేల మీద ఉన్న స్థలం ఇంకొకటి. కొలతలాయన ఒకసారి కొలిచాడు, తక్కువొచ్చింది. టేపు సాగిందేమోనని ఇంకో టేపు తెప్పించాడు, ఇంకాస్త తక్కువొచ్చింది. మూలరాళ్లు ఉండాల్సిన చోట లేవు. బేకరీ ఆయన చేతులు కట్టుకుని "నేను కాగితం చూసి మాటిచ్చానమ్మా, మీరు నాకు కంచె చూపించి అమ్ముతున్నారు" అన్నాడు, టీచరమ్మ మొహం పాలిపోయింది. ఇప్పుడు రాయి దొరికింది, రాయితోపాటు మనిషీ దొరికాడు. ఇదంతా వింటూ ఇక్కడ మెషిన్ ముందు కూర్చున్న టైలరమ్మ, తను చేస్తున్న నిర్వాకం ఏమిటో చూసుకుంటే, చొక్కాకి చేతిని తిరగేసి అతికించింది, కుట్టు బయటికీ కొస లోపలికీ వచ్చింది. ఇన్నేళ్ల అనుభవం, నేర్చుకునే పిల్ల కూడా చెయ్యని తప్పు. ఈ చొక్కాలు కూడా ఆ బేకరీ పనివాళ్లవే, సాయంత్రానికి ఇవ్వాలి. కొత్తగా దొరికిన పెద్ద ఖాతా. కుట్టు విప్పడానికి బ్లేడు తీసింది, దారం తెగుతూ చిటచిటమంది, అది కూడా తననే వెక్కిరిస్తున్నట్టుంది.

"చూశావా, మేస్త్రి గుట్టు బయటపడింది" అంది అత్తగారు, మూలన కూర్చుని గుండీలు రంగుల వారీగా డబ్బాల్లోకి ఏరుతూ. "నేనెప్పుడో అనుకున్నా. వాడి చూపే బాగుండదు."

వాడి చూపు మెల్లకన్ను అత్తయ్యా, పుట్టుకతో వచ్చింది, అనబోయి ఊరుకుంది. అత్తగారితో వాదన పెట్టుకుంటే ఇంకో చేయి కూడా తిరగబడుతుంది. మేస్త్రి కోపిష్టి, నిజమే, ఇటుక సరిగ్గా లేదని బండివాడిని తరిమికొట్టిన మనిషి, వీధిలో సగం గోడలు వాడు కట్టినవే, సగం తగవులూ వాడివే, అలాంటివాడి పెరట్లో రాయి దొరికితే ఎవరైనా ఏమనుకుంటారు. కానీ ఆ రాయి అక్కడికి ఎలా వెళ్లిందో ఆమెకు తెలుసు. ఇప్పుడే, ఈ క్షణంలోనే తెలిసింది, అదే ఒళ్లు మండిస్తోంది. ఎన్నో ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం తాత కిటికీ దగ్గరికి వచ్చి "అమ్మాయ్, పాత దుప్పటి ఏదైనా ఉంటే ఇస్తావా, కాస్త బరువైంది ఈడ్వాలి" అన్నాడు, ఇచ్చింది, సాయంత్రానికి ఆ దుప్పటి నడిమికి చిరిగి, మట్టి కొట్టుకుని తిరిగొచ్చింది. "ఏం ఈడ్చావు తాతా, ఏనుగునా?" అని దులిపేసింది. ఆయన నవ్వి, "మేస్త్రి పెళ్లాం నేల మీద బట్టలు ఉతుకుతోందమ్మా, నడుం పట్టేసిందంట" అని, ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పకుండా వెళ్లిపోయాడు. అప్పుడు అర్థం కాలేదు. ఎవరికి అర్థమవుతుంది? తన ఇంటి హద్దురాయిని పెకలించి పొరుగింటావిడకి బట్టలు ఉతుక్కోమని ఇచ్చే మనిషి ఉంటాడని ఎవరైనా ఊహిస్తారా?

ఊహించాల్సింది. ఆ మనిషి దుకాణం నడిపిన తీరు చూసినవాళ్లు ఊహించాల్సింది. తను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఇంటి ముందు గదిలో ఆయన దుకాణం ఉండేది, పంచదారా పప్పూ నూనే. పావు కిలో అడిగితే పావు కిలో తూచి, ముల్లు నిలబడ్డాక, డబ్బాలోంచి ఇంకో చారెడు తీసి, "ఇది కొసరు" అని పొట్లంలో పోసేవాడు. కొసరు వెయ్యని దుకాణదారు ఎక్కడుంటాడు, కానీ అందరూ చిటికెడు వేస్తారు, ఈయనది చారెడు. పిల్లలొస్తే ఇంకా ఎక్కువ. ముసలాళ్లొస్తే అసలుకంటే కొసరే ఎక్కువ. అసలు కంటే కొసరు ముద్దు అని ఊరికే అంటారు గానీ ఆ మాటని నమ్ముకుని వ్యాపారం చేసిన మనిషి ఆయనొక్కడే. భార్య ఉన్నన్నాళ్లూ ఆవిడ గొడవ పెడుతూనే ఉండేది, "మీరు తూచేటప్పుడు ఆ చెయ్యి నాకివ్వండి, నరికేస్తాను" అని అందరి ముందే అనేది, ఆయన చెయ్యి చాపేవాడు, ఇంకో చేత్తో కొసరు వేస్తూ. ఆవిడ పోయాక అడ్డు చెప్పేవాళ్లు లేక ఏడాది తిరక్కుండా దుకాణం మూతపడింది. మూసిన రోజున కూడా విచారం లేదు, మిగిలిన సరుకంతా వీధిలో పంచి, తక్కెడ మాత్రం వంటింట్లో మేకుకు తగిలించుకున్నాడు. అప్పటినుంచీ కొసరు తాత. అసలు పేరు కాగితాల్లో ఉండి ఉంటుంది, ఇవాళ ఆ కొలతలాయన చదివాడు కూడా, ఎవరిదో పేరనుకుంది.

ఇవతలి వైపు ఆ వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల సామాను లేదు. గోడ మీద తక్కెడ వేలాడిన చోట నూనెమరక లేని గుండ్రటి తెల్లటి ముద్ర. బేకరీ ఆయన మనిషి ఒకడు పొయ్యి ఎక్కడ కట్టాలో గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాడు, ఆ గీతలు వంకరగా ఉన్నాయి, తనకి సుద్దముక్క ఇస్తే తిన్నగా గీసి చూపిద్దును. ఆ కిటికీలోంచే రోజూ పొద్దున్నే "అమ్మాయ్, లేచావా?" అనేవాడు, మెషిన్ చప్పుడు వినబడుతూనే ఉన్నా అడిగేవాడు, లేవకుండా మెషిన్ ఎలా తొక్కుతాను తాతా అంటే "నిద్రలో తొక్కుతున్నావేమోనని" అనేవాడు. ఎంత విసుగు తెప్పించేవాడు. చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పుకోవాలి, చెప్పుకుంటున్నారు కూడా, వీధంతా నెలల తరబడి అదే పని, దేవుడులాంటి మనిషి, చీమకి కూడా హాని చెయ్యడు, కానీ పక్కింట్లో ఉండి భరించింది ఎవరు? మంచి మనిషి పక్కన బతకడం ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. ఆయన మంచితనం తన సొత్తుతో ఆగేది కాదు. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగితే, తన దగ్గర లేకపోతే, పక్కింట్లోంచి తెచ్చి ఇచ్చేవాడు.

కత్తెర! ఆ కత్తెర సంగతి తల్చుకుంటే ఈనాటికీ దవడలు బిగుసుకుంటాయి. బట్ట కోసే పెద్ద కత్తెర, దానితో కాగితం ముట్టుకోనివ్వదు, మొగుడు ఓసారి మీసం కత్తిరించుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చింది, అలాంటి కత్తెర భోజనానికి వెళ్లొచ్చేసరికి బల్ల మీద లేదు. వెతికి వెతికి ఏడుపొచ్చింది. సాయంత్రం పాలామె తెచ్చి ఇచ్చింది, "తాత ఇచ్చాడు వదినా, ఆవుల పాకకి రేకు కోసుకున్నా, బాగా తెగింది" అని. రేకు! కత్తెర అంచు రంపంలా అయింది. ఆ కోపంతో వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టింది, ఆయన తల వంచుకుని అంతా విని, "తప్పే అమ్మాయ్, కానీ వాన వచ్చేట్టుంది, దూడ తడుస్తుందని" అన్నాడు. ఇంకేం తిడతావు? దూడని తిట్టాలా, వానని తిట్టాలా? మర్నాడు తనే కత్తెర పట్టుకుని పక్క ఊరికి నడిచి వెళ్లి సాన పట్టించుకొచ్చాడు. అదీ ఆయనతో వచ్చిన చిక్కు, కోపాన్ని కూడా పూర్తిగా పడనివ్వడు, సగంలో లాక్కుంటాడు.

అక్కడ మేస్త్రి గొంతు లేచింది. లేచిందనుకుంటే వెంటనే పడిపోయింది. "నేను జరపలేదు టీచరమ్మా." అంతే. అదే మాట ఇందాకటినుంచీ. "మా మావయ్య నిన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నాడు కదయ్యా, ఆయన గోడకి సున్నం వేస్తే కూలి కూడా ఎక్కువే ఇచ్చాడు కదా, ఆయన పోగానే..." "పోగానే కాదమ్మా, ఆ రాయి ఎప్పటిదో..." అని మేస్త్రి పెళ్లాం మొదలుపెట్టింది, మేస్త్రి "నువ్వూరుకో" అని కసిరాడు. ఎందుకు కసిరాడు? చెప్పనివ్వొచ్చు కదా, తాతే ఇచ్చాడని ఒక్క మాట. చెప్పడు, ఆ మొండివాడు చెప్పడు. చెబితే ఎవరు నమ్ముతారు, చచ్చిపోయిన మనిషి మీదకి నెట్టేస్తున్నాడు చూడు అంటారు. ఇంటికి వచ్చినవాళ్లందరితో పోట్లాడే మనిషి, ఇవాళ పోట్లాడాల్సిన చోట నోరు కుట్టేసుకున్నాడు. ఎవరో కుట్టించారు. ఎవరో ఏమిటి, ఎలా కుట్టించారో కూడా తనకు తెలుసు, ఆ మాటలు అచ్చంగా ఎలా ఉంటాయో తెలుసు, ఎందుకంటే తాత తన నోరూ అలాగే కుట్టించాడు.

ఈ గది కట్టుకోవాలనుకున్నప్పుడు నేల మీద సుద్దతో గీసుకుంది. మెషిన్‌కి చోటుంది, తలుపుకి చోటుంది, బట్ట పరిచి కోసే బల్ల మాత్రం పట్టలేదు, బల్ల మూల వెళ్లి తాత కంచెలో దూరింది. కంచె అంటే ముళ్ల పొదలు, మనిషెత్తు. సుద్దగీత దగ్గర గొంతుక్కూర్చుని ఎటు తిప్పినా పట్టని ఆ బల్ల గురించి మొగుడితో వాదిస్తూంటే, కంచె అవతలినుంచి "ఎంత తక్కువైంది అమ్మాయ్?" అని గొంతు. "ఓ మూరెడు తాతా." "మూరెడేనా" అన్నాడు, అది పంచదార అన్నట్టు. అప్పటికి అంతే. తర్వాత కంచె మీద పడ్డాడు. ప్రతి ఏడూ వానలు వెళ్లాక కత్తిరించేవాడు కానీ ఎప్పుడూ బయటి వైపే, లోపలి వైపు ముట్టుకోడు. ఎందుకని అడిగితే "బయటివాళ్లకి ముళ్లు గీసుకుంటాయి కదమ్మా, లోపల నేనొక్కడినే" అన్నాడు. బయట కొట్టేసి లోపల వదిలేస్తే పొద ఏం చేస్తుంది, లోపలికి జరుగుతుంది. ఏటా కాస్త. కంచె నడుస్తుందని ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఆ కంచె నడిచింది, ఆయన వాకిట్లోకి, ఆయన మీదకి, బర్రెలా మెల్లగా. ఆ ఏడాది మాత్రం పొద జరిగేదాకా ఆగే ఓపిక ఆయనకి లేదు, వానకి నేల మెత్తబడగానే మొదళ్లు పెకలించి మూరెడు లోపల నాటేశాడు. ఒక పొద్దున కిటికీ తెరిస్తే, గడ్డపారతో హద్దురాయిని దొర్లిస్తున్నాడు, ఆ వయసులో, ఒంటరిగా, పంచె ఎగ్గట్టి. "ఏం చేస్తున్నావు తాతా!" అని పరిగెత్తింది. "పాపం రాయికి అక్కడ ఎండ తగులుతోందమ్మా" అన్నాడు. ఆ తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నీకొక్కదానికే. ఎవరికీ చెప్పకు, తెలిస్తే మిగతావాళ్లూ అడుగుతారు" అన్నాడు.

నీకొక్కదానికే. ఆ మాటని ఎంత జాగ్రత్తగా దాచుకుంది. అత్తగారు సాధించిన రోజుల్లో, మొగుడు బస్సు డ్యూటీ అని రోజుల తరబడి ఇంటికి రాని రోజుల్లో, ఈ గదిలో కూర్చుని ఆ గోడ వైపు చూసుకునేది. ఈ లోకంలో ఒక మనిషి తనకోసం తన స్థలంలోంచి మూరెడు తీసి ఇచ్చాడు, కన్నవాళ్లు కూడా ఇవ్వనిది, ఎవరూ అడక్కుండా, తనకి ఒక్కదానికే. ఆయన మంచాన పడ్డప్పుడు తల కింద దిండు సర్దుతూ, కత్తెర సంగతి ఎత్తి నవ్విస్తూ, లోపల ఒక గర్వం, వీధంతా ఈయన్ని మంచివాడంటుంది, కానీ ఈయనకి నేనంటే వేరే లెక్క. పొద్దున కొలతలో తక్కువొచ్చిందని తెలిసినప్పుడు కూడా ముందు వణుకు వచ్చింది, ఆ వెనకే సిగ్గులేకుండా ఆ గర్వం కూడా వచ్చింది, అది నా మూరెడే అని.

"వదినా! ఓ వదినా!" అని కిటికీ కింద గుసగుస. పాలామె. తాత ఇంటి వెనక పెరడు ఆమెది. మొహమంతా చెమట, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. "వదినా, వాళ్లు ఇప్పుడు నా వైపు కొలుస్తున్నారు."

"కొలవనీ. నీకేం భయం?"

"నా పాక గుంజలు... నాలుగు గుంజలూ తాత స్థలంలోనే ఉన్నాయి. దూడ పుట్టినప్పుడు జరిపాడు. నేను అడగలేదు వదినా, నా బిడ్డల మీద ఒట్టు. నాకొక్కదానికే అన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. మిగతావాళ్లూ అడుగుతారని..."

టైలరమ్మ చేతిలో బ్లేడు గుచ్చుకుంది. చూసుకుంటే వేలి కొస మీద ఎర్రటి చుక్క, బేకరీవాళ్ల తెల్లచొక్కా మీద ఇంకో చుక్క, ఇక ఇది ఉప్పునీళ్లలో నానబెట్టాలి, ఇవాళ అన్నీ ఇంతే. వేలు నోట్లో పెట్టుకుని, "నీకూనా?" అంది. ఎంత పిచ్చి ప్రశ్న, అడిగిన గొంతు కూడా చిన్నపిల్ల గొంతులా ఉంది. పాలామె అయోమయంగా చూసి, "నీకూ అంటే?" అంది, ఆ తర్వాత ఆమె కళ్లు గది గోడ మీదకి వెళ్లాయి, గోడ నుంచి కంచె మీదకి, కంచె నుంచి మళ్లీ మొహం మీదకి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే మొగుణ్ణి ఇద్దరం కట్టుకున్నామని అప్పుడే తెలిసిన ఆడవాళ్లలా చూసుకున్నారు. నవ్వు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. దూడ పుట్టిందని! తన బల్లా, పాలామె దూడా ఒకటేనా ఆయనకి? మేస్త్రి పెళ్లాం నడుమూ, తన బతుకుతెరువూ ఒకటేనా? అవును, ఒకటే. ముల్లు నిలబడగానే ఎవరి పొట్లంలోనైనా అదే చారెడు. వచ్చినవాడెవడో చూసి వేసేది కాదు కొసరు. అది తెలిసీ తనకి మాత్రం వేరే డబ్బాలోంచి తీసి వేశాడని ఇన్నేళ్లూ అనుకుంది చూడు, దానికి పెట్టుకోవాలి వాత.

వీధి వైపునుంచి కొలతలాయన అరుస్తున్నాడు, "ఇటు కూడా తక్కువేనండీ! రోడ్డులోకి పోయింది!" రోడ్డు! రోడ్డుకి కూడా ఇచ్చాడా? ఇచ్చే ఉంటాడు. ఆ మలుపు దగ్గర నీళ్ల బండి తిరగలేక వెనక్కీ ముందుకీ అవస్థ పడేది, డ్రైవరు కిందికి దిగి బూతులు తిట్టుకునేవాడు, ఉన్నట్టుండి ఒక ఏడాది నుంచి సాఫీగా తిరగడం మొదలుపెట్టింది, ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ డ్రైవరుకి కూడా నీకొక్కడికే అని చెప్పి ఉంటాడు. నాలుగు వైపులా వదులు చేసిన చొక్కా, అంతే, ఇందులో కొలవడానికి ఏముంది. చంకలో పట్టేస్తోందంటే లోపలి బట్ట వదులుతాం, పొట్ట దగ్గర బిగుతంటే వదులుతాం, వదిలిన బట్ట ఆకాశంలోంచి రాదు, లోపల మడిచి దాచినదే. దాచిందంతా వదిలేశాక కుట్టు అంచు మీద నిలబడుతుంది, గట్టిగా ఊపిరి పీలిస్తే పిగిలిపోతుంది. ఆయన ఆఖర్న ఎలా ఉన్నాడు, వాకిట్లో కుర్చీ వేసుకుంటే మోకాళ్లు కంచెకి తగిలేవి. "తాతా, ముళ్లు గుచ్చుకుంటాయి, లోపల కూర్చో" అంటే "వీధి దగ్గరగా కనిపిస్తోందమ్మా" అనేవాడు. దగ్గరగా ఎందుకు కనిపించదు, వీధిని నువ్వే కదా పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నావు, ముసలాయనా. లేపి, భుజాలు పట్టి కుదిపి, అడగాలనిపించింది, నువ్వు ఇచ్చావు సరే, ఇచ్చానని ఒక్కరితో, ఈ మేనకోడలితోనైనా ఒక్కసారి చెబితే నీ సొమ్మేం పోయింది? అన్నీ పంచావు, ఆ ఒక్క మాట పంచలేదు. ఇప్పుడు ఆ మాట లేక ఒక మనిషి దొంగవుతున్నాడు.

"నువ్వేం కదలకు" అంది అత్తగారు. ముసలావిడ పాము చెవులు, పాలామె గుసగుస మొత్తం విన్నది. గుండీల డబ్బా పక్కన పెట్టి, ఎప్పుడూ లేనంత మెత్తగా చెప్పింది, "గోడలకి చెవులుంటాయి గానీ నోరుండదు. నువ్వూ అలాగే ఉండు. మన వైపు రాయి ఎక్కడుండేదో వాళ్లకి ఇంకా తెలీదు. దొరికింది మేస్త్రి దగ్గర. తక్కువైనదంతా వాడి లెక్కలో పడిపోతుంది. నోరు తెరిచావంటే ఈ గోడ కూలుస్తారు, బల్ల పోతుంది, ఆ చొక్కాలాయన కూడా పోతాడు. తర్వాత వీధిలో చెట్టు కింద మెషిన్ వేసుకుంటావా?" అందులో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అదే చిరాకు, అత్తగారు ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది. ఈ గది లేకపోతే బల్ల లేదు, బల్ల లేకపోతే చొక్కాలు లేవు, మళ్లీ పాత బతుకు, వంటగదిలో పొయ్యి పక్కన మెషిన్, నూనె చుక్కలు పడిన బట్టలు, వెనక్కి పంపిన బేరాలు. మొగుడికి ఫోన్ చేసింది, ఎత్తలేదు, బండి నడుపుతూ ఉంటాడు, ఎత్తినా "నీ ఇష్టం" అంటాడు, ఆ మాట ఫోన్ చెయ్యకుండానే వినబడుతుంది. కాసేపు ఊరుకుంటే సరి. ఊరుకోవడమంటే ఏం చెయ్యడమూ కాదు, కుట్టుకోవడమే. చేతిని సరిగ్గా తిప్పి, చంక దగ్గర గుండుసూది గుచ్చి, పాదం పెట్టి, సూది దించి...

"పోలీసులకి ఫోన్ చేస్తున్నాను" అంది టీచరమ్మ గొంతు. అరవడం లేదు ఇప్పుడు, అది ఇంకా భయంగా ఉంది. "ఆఖరిసారి అడుగుతున్నాను. రాళ్లు ఎవరు జరిపారు?" మేస్త్రి పెళ్లాం ఏడుస్తోంది. బేకరీ ఆయన "చెయ్యండమ్మా, వీడొక్కడి పని కాకపోవచ్చు, స్టేషన్లో నాలుగు తగిలితే అన్నీ చెబుతాడు" అంటున్నాడు. మేస్త్రి నిలబడే ఉన్నాడు, కిటికీలోంచి కనబడుతున్నాడు, సున్నం మరకల చేతులు వెనక్కి కట్టుకుని, మెల్లకన్నుతో ఎటు చూస్తున్నాడో తెలియకుండా. కాదు, తెలుస్తోంది. కంచె వైపు చూస్తున్నాడు. వాడికి తెలుసు. వీధిలో సగం గోడలు కట్టినవాడికి, ఈ గది గోడ కూడా చేత్తో కట్టినవాడికి, పునాది ఎవరి నేలలో తవ్వాడో తెలియదా? అన్నీ తెలిసి ఊరుకున్నాడు. ఒక్క మాట అంటే తను బయటపడొచ్చు, అదిగో టైలరమ్మ గోడ కూడా కొలవండి అంటే సగం నేరం ఇటు జారిపోతుంది. అనలేదు. ఇటుక కోసం మనుషుల్ని తరిమే మనిషి, ఈమె గోడ కోసం దొంగ అనిపించుకుంటున్నాడు. ఛ, ఒక మంచివాడు చచ్చి సాధిస్తున్నాడనుకుంటే, ఇంకో మంచివాడు బతికుండి మొదలుపెట్టాడు. ఈ వీధిలో మనిషికి నిమ్మళంగా స్వార్థం కూడా చూసుకోనివ్వరు.

మెషిన్ ఆగింది. "ఏయ్, ఎక్కడికే?" అని అత్తగారు. టైలరమ్మ చెప్పుల కోసం కూడా వెతకలేదు, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతూంటే తాత వాకిట్లోకి నడిచింది, వెనక పాలామె "వదినా, వదినా" అంటూనే ఉంది, నడుస్తూంటే ముళ్లు చీర అంచు పట్టుకున్నాయి, లాగేసుకుంది.

"ఫోన్ దించు టీచరమ్మా."

"అక్కా, నువ్వు మధ్యలోకి రాకు."

"మధ్యలోనే ఉన్నాను. నా గదిలో మూరెడు మీ స్థలం. అదిగో, ఆ గోడ. కొలిపించుకో." కొలతలాయన టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అవతల గుండీల డబ్బా నేల మీద పడి, గుండీలన్నీ గదంతా దొర్లిన చప్పుడు. పడనీ, మళ్లీ ఏరుకోవాలి, ఇవాళ అన్నీ ఇంతే. వెనకనుంచి పాలామె కూడా, కొంగు నోట్లోంచి తీసి, "నా పాక కూడా" అంది, వినబడీ వినబడకుండా.

బేకరీ ఆయన ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. "అయితే వీధి వీధంతా దొంగలేనన్నమాట."

"నోరు జాగ్రత్త. నేను జరపలేదు. ఈమె జరపలేదు. మేస్త్రన్న అసలే జరపలేదు."

"వద్దు చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రి. "మాటిచ్చాం."

"నీకూ అదే చెప్పాడు కదన్నా? నీకొక్కడికే అని? ఎవరికీ చెప్పకని?" మేస్త్రి తల దించుకున్నాడు. అంత పెద్ద మనిషి చెవులు ఎర్రబడ్డాయి. వాడు కూడా దాచుకున్నాడు, తనలాగే, ఆ ఒక్క మాటని గుండెల్లో పెట్టుకుని తిరిగాడు పిచ్చివాడు.

"మరి రాళ్లకి కాళ్లొచ్చాయా?" అంది టీచరమ్మ. ఫోన్ చెవి దగ్గరే ఉంది, అవతల ఎవరో హలో హలో అంటున్నారు. కళ్ల నిండా నీళ్లు. "మా మావయ్య అమాయకుడక్కా. ఆయన్ని మోసం చేసింది ఎవరో నాకు తెలియాలి. ఎవరక్కా? పేరు చెప్పు."

మెల్లగా చెప్పాలనుకుంది. పోయిన మనిషి, పక్కన మేనకోడలు, మెత్తగా, మర్యాదగా చెప్పాలనే అనుకుంది. కానీ నోరు తెరవగానే ఇన్నేళ్ల విసుగంతా ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది, కత్తెరా, దుప్పటీ, దూడా, నీళ్ల బండీ, నీకొక్కదానికే అన్న ఆ గుసగుసా, అన్నీ కలిసి వచ్చాయి, దానితోపాటు ఏడుపు కూడా వచ్చింది, ఆ ఖాళీ వంటింటి కిటికీ వైపు వేలు చాపి, అవతలి వీధికి కూడా వినబడేట్టు అరిచింది.

"ఇంకెవరు! మీ మావయ్య! నాలుగు వైపులా తన స్థలాన్ని తనే దోచి మాకు కట్టబెట్టింది ఆ ముసలాయనే, టీచరమ్మా, కొసరు తాతే!"